అబ్బాజాన్ వ్యాను

వేగమనగానే మీ మనస్సులో కొత్త కార్లు మెదలవచ్చును. మాకు మాత్రం మా తండ్రిగారి పాత మారుతి ఓమ్ని వ్యాను గుర్తుకు వస్తుంది. 1984లో మొదలై 2019లో తయారీ నిలిచిపోయిన ఆ బండికి ఉన్నది 796 సి.సి. ఇంజను, మూడే సిలిండర్లు. ఇంజను ముందు సీట్ల క్రిందనే ఉండడం వల్ల దాని కష్టసుఖాలు నడిపేవానికి నేరుగా తెలుస్తాయి.

ఏలూరు నుండి తాడేపల్లిగూడెం సుమారు 50 కిలోమీటర్లు. భీమడోలు, పూళ్ల, కైకరం, ఉంగుటూరుల మీదుగా సాగే ఆ దారిలో మొదట మేము సిగ్గుపడుతూ నడిపేవారము. ప్రతి కారూ మమ్మల్ని దాటిపోయేది. రోషంతో యాక్సిలరేటరు తొక్కి, వెంటనే బ్రేకు వేసేవారము. ప్రక్కన కూర్చున్న అబ్బాజాన్ ఒకనాడు అన్నారు: “బేటా, బండి మీద కోపమెందుకు? కూడబెట్టిన వేగాన్ని పారబోసుకోకు, చాలు.”

ఆ మాటలో ఒక శాస్త్రమే ఉన్నది. చిన్న ఇంజనుకు పోయిన వేగం తిరిగి రావడం కష్టం. కనుక వంతెన ఎక్కకముందే ఊపు తీసుకోవాలి. ముందున్న లారీని దూరం నుండే కనిపెట్టి, ఖాళీ చూసుకొని కుడి వరుసలోకి మారాలి. ఈ విద్య పట్టుబడిన రోజున వ్యాను 70 వేగంతో హాయిగా సాగిపోయింది. పెద్ద కారు తన శక్తిలో సగమైనా వాడదు; మా బండి ఉన్నదంతా ఇచ్చింది. మా ఆనందమంతా అదే.

కొల్లేటి మీదుగా కైకలూరు వెళ్లే దారి మాత్రం మరో పాఠం నేర్పింది. అడ్డగాలి వీస్తే ఎత్తైన ఆ తేలిక బండి ప్రక్కకు జరుగుతుంది. వరదలొస్తే చిన్న ఎడ్లగాడి వద్ద నీరు రోడ్డెక్కుతుంది. అక్కడ నిదానమే వివేకం.

నిరుడు అబ్బాజాన్‌కు చూపు మందగించి, తాళాలు మాకిచ్చారు. అమ్మివేయమని బంధువులు సలహా చెప్పారు. ఆయన ఏమీ అనలేదు, మేము అమ్మలేదు. నేటికీ ప్రక్క సీటులో కళ్లు మూసుకొని, ఇంజను ధ్వనిని బట్టి “గేరు మార్చు” అంటారు. ఒక్కసారీ పొరబడలేదు.

తెలుగు తమకు మెల్లగా వస్తున్నదని దిగులుపడే ఉర్దూ విద్యార్థులకు మేము చెప్పేది ఆయన మాటే: మెల్లగా రావడం లోపం కాదు, కూడబెట్టినది పారబోసుకోకండి.