మడికేరిలో నాలుగు చక్రాల లెక్క

మొన్న జూలైలో మైసూరు నుంచి మడికేరి వెళ్ళాను. మా మేనల్లుడు అక్కడ కాఫీ తోట కౌలుకు చేస్తున్నాడు. వాడు అడిగిన డబ్బు ఎందుకో చూద్దామని నా ప్రయాణం.

కుశాలనగర్ దాటగానే వాన పట్టుకుంది. తోట దారంతా ఎర్రమట్టి. ఎరువు బస్తాలున్న పికప్ మలుపులో కూరుకుపోయింది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయే గాని బండి కదలదు. అంతలో ఓ పాత జీపు నాలుగు చక్రాలూ పట్టు పట్టి పక్కనుంచే ఎక్కిపోయింది.

"చూశారా మామయ్యా! దీన్నీ అలా మార్పించేస్తాను."

మెకానిక్ ఓపిగ్గా చెప్పాడు. గేర్‌బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు పెట్టాలి. అక్కణ్ణించి ముందుకు మరో షాఫ్టు, ముందు డిఫరెన్షియల్ ఉన్న కొత్త ఇరుసు. రెండు డిఫరెన్షియళ్ళ పళ్ళ నిష్పత్తి ఒకటే కావాలి. తేడా ఉంటే ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడి ఏదో ఒకటి విరుగుతుంది. బి.కాం. చదివినవాణ్ణి, రెండు వైపులా సరిపోవాలని నాకు వేరే చెప్పాలా!

నన్ను ఆపింది కాగితాలు. బండి మీద బ్యాంకు అప్పు తీరలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేపు ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకూ చిక్కే.

వాడి మొహం చిన్నబోయింది. "మరి బస్తాలు ఎలా ఎక్కించను మామయ్యా?"

"ఇది అమ్మెయ్యరా. కంపెనీ నుంచే ఫోర్ వీల్‌గా వచ్చిన పాత బండి చూడు. పైన పడే తేడా నేనిస్తాను."

ఆ మాట మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. ఈ పత్రిక మా ఇంటికీ వస్తుంది.