అంతర్జాతీయ సంబంధములు : మన యూరి వ్యాజ్యము

సాయంకాలమున నారాయణగూడనుండి చిక్కడపల్లి గ్రంథాలయము వైపు నడచితిమేని, బరువైన పుస్తకములు చేతబట్టి అశోకనగరమునకు బోవు యువతులు గుంపులు గుంపులుగా గానవత్తురు. ప్రభుత్వోద్యోగ పరీక్షలకై వారు చదువు విషయములలో అంతర్జాతీయ సంబంధములును ఒకటి. మా యాడుబిడ్డ కొమార్తెయు మా యింటనే యుండి దీనిని చదువుచున్నది. "దేశాల తగవులతో నీకేమి పనియే, తల్లీ?" అని మా యత్తగారు మనుమరాలి నడుగుచుందురు. 2022లో రష్యా ఉక్రెయినుపై దండెత్తినప్పుడు పొద్దుతిరుగుడు నూనె వెల యెట్లు మండిపోయెనో ఎఱిగిన యావిడయే యీ మాట యనుట మాకు వింతగా నుండును.

ఈ శాస్త్రమునకు ప్రత్యేక పీఠము మొట్టమొదట 1919లో వేల్సు దేశమందలి అబెరిస్ట్‌విత్ కళాశాలలో నేర్పడినది. మొదటి ప్రపంచ యుద్ధమున మడిసిన విద్యార్థుల స్మృత్యర్థము దానికి ధనమిచ్చినవారు డేవిడ్ డేవిస్ అను నాయనయు, ఆయన చెల్లెండ్రు గ్వెండొలిన్, మార్గరెట్‌లును. యుద్ధములేల వచ్చును, వానిని ఆపుట యెట్లు అనునదే నాటి ప్రశ్న. తరువాత వర్తకము, ఒడంబడికలు, శరణార్థులు, నదీజలములు అన్నియు ఇందు చేరినవి. సోదరీమణులారా, ఇంతకు మించి నిర్వచనములు చెప్పబోము. మన యూరి యుదాహరణమే మేలు.

నారాయణగూడకు కొలది దూరమున నున్న కింగుకోఠీలో నివసించిన యేడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను, 1947 ఆగస్టులో బ్రిటిషువారు వెడలిపోగా, భారతదేశమునను పాకిస్తానునను చేరక స్వతంత్రుడుగా నుండగోరెను. నవంబరు 29న భారత ప్రభుత్వముతో ఒక్క యేటికి యథాతథపు టొడంబడిక కుదిరినది. అది నిలువలేదు. రజాకార్ల దౌర్జన్యము పెచ్చుపెరిగెను. 1948 ఆగస్టులో నిజాము ప్రభుత్వము ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపినది. సమితి శాసనపత్రము 35వ అధికరణము ననుసరించి, సభ్యత్వము లేని రాజ్యము సైతము మండలికి మొఱపెట్టుకొనవచ్చును. అయితే హైదరాబాదు అసలు రాజ్యమగునా, కాదా? ముడి యంతయు నిక్కడనే యున్నది.

సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించెను. 16న పారిసులో మండలి యీ సంగతిని చర్చకు గైకొన్నది. 17న నిజాము సేన పోరు మానెను. హైదరాబాదు స్వతంత్ర రాజ్యము కాదనియు, మండలికి దీనిపై అధికారము లేదనియు భారతదేశము పక్షమున ఆర్కాటు రామస్వామి మొదలియారు వాదించిరి. కొలది దినములకే నిజాము తన ఫిర్యాదును ఉపసంహరించుకొనెను.

"ఇది మా యింటి విషయము, పొరుగువారు తల దూర్పరాదు." ఈ వాక్యము మన కెవ్వరును నేర్పనక్కఱ లేదు. కోడండ్ర నడుమ చిన్న తగవునకు ఊరివారు వచ్చి కూర్చుండిన మనకే కోపము వచ్చును. అదే వాక్యము, దెబ్బలు తినుచున్న యిల్లాలి కేక వీథిలోనికి వినబడకుండ తలుపు మూయుటకును పనికివచ్చును. రాజ్యముల విషయమునను ఇంతే. మా తలపున భారతదేశపు వాదమే సబబు. ప్రజల కోరిక యేమో అడిగి తెలిసికొనకయే ప్రభువొకడు వారి పేర పారిసునకు మొఱ పంపుట మాకు రుచింపదు. కాని ఆ మూసిన తలుపు వెనుక జరిగినదియు చదువవలెను గదా! సైనికచర్య తరువాత పలు జిల్లాలలో ముస్లిములపై ఘోరమైన హింస జరిగినదని భారత ప్రభుత్వమే పంపిన సుందరలాలు సంఘము వ్రాసినది. ఆ నివేదిక పలు దశాబ్దములు ప్రకటింపబడలేదు. ఎన్ని యిండ్లలో ఆడువారు ఆ దుఃఖమును మాటాడకయే మోసిరో! మేనకోడలి పాఠ్యపుస్తకములలో దీని కొక్క పంక్తి యైనను లేకుండుట మాకు కొఱతగానే తోచినది.

ఇక సొమ్ము కథ. 1948 సెప్టెంబరు 20న, అనగా పోరు ముగిసిన మూడవ దినమున, లండనులో హైదరాబాదు పేర నున్న పది లక్షల పౌండ్లకు పైబడిన ధనము పాకిస్తాను హైకమిషనరు ఖాతాకు మారినది. తన యనుమతి లేకయే మార్చిరని నిజాము దావా వేసెను. ఒక రాజ్యమును దాని సమ్మతి లేక మఱియొక దేశపు న్యాయస్థానమున నిలువబెట్టరాదని 1957లో ఇంగ్లండు ప్రభువుల సభ తీర్పు చెప్పినది. దీనినే సార్వభౌమ రక్షణ యందురు. ధనము బ్యాంకులోనే చిక్కుబడి వడ్డీతో పెరుగుచుండెను. 2013లో పాకిస్తాను తానై న్యాయస్థానమున కెక్కుటతో ఆ రక్షణ తొలగినది. 2019 అక్టోబరు 2న తీర్పు వచ్చునప్పటికి ఆ మొత్తము దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లు. పాకిస్తాను వాదము వీగిపోయినది. నిజాము వారసులును భారత ప్రభుత్వమును తమలో తాము ముందే రాజీపడి యుండిరి గనుక, వారిలో ఎవరి వాటా యెంత యనునది న్యాయమూర్తి తేల్ప నక్కఱ లేకపోయెను.