కుక్కపిల్ల నిద్రపోయే దాకా

పగలంతా ఇంట్లో సందడి చేసిన కుక్కపిల్ల దీపాలు ఆర్పగానే ఏడుపు అందుకొంటుంది. మొదట సన్నని మూలుగు, ఆ తరువాత ఎడతెగని కూత, చివరకు ఇరుగుపొరుగువారి కిటికీలు తెరిపించే ఊళ. కుక్కను పెంచుకోవాలని ముచ్చటపడిన ఎన్నో ఇళ్లలో ఆ ముచ్చట మూడు రాత్రులతోనే తీరిపోతుంది. కొన్ని పిల్లలు వచ్చిన దారినే వెనుకకు పోతాయి, కొన్ని వీధిపాలవుతాయి. కాబట్టి ఆ ఏడుపులోని అర్థం ఇంటివారికి తెలియడం మీదనే పిల్ల బ్రతుకు ఆధారపడి ఉంటుంది.

రాత్రివేళ కుక్క ఏడిస్తే ఎవరికో మూడిందని మన ఊళ్లలో పెద్దలంటారు. ఆ నమ్మకంతోనే రాయి అందుకొన్న చేతులెన్నో. కాని మహాభారత కథారంభంలోనే ఒక కుక్కపిల్ల ఏడుపు వినిపిస్తుంది. జనమేజయుడు యజ్ఞం చేస్తున్న చోటికి వచ్చిన సరమ బిడ్డను రాజు తమ్ముళ్లు కొట్టారు. అది ఏడుస్తూ తల్లి వద్దకు పోయింది. ఏ నేరమూ చేయని బిడ్డను ఎందుకు కొట్టారని తల్లి వచ్చి నిలదీసింది. నన్నయ 11వ శతాబ్దంలో తెనిగించిన ఆదిపర్వంలోనూ ఈ కథ ఉన్నది. కుక్కపిల్ల ఎవరికోసం ఏడుస్తుందో అది చెప్పినవారికి బాగా తెలుసు.

పుట్టినది మొదలు పిల్ల ఒంటరిగా పడుకొని ఎరుగదు. తల్లి పొట్ట వెచ్చదనం, తోడబుట్టినవాటి ఊపిరి దాని నిద్రలో భాగాలు. తల్లికి దూరమైనప్పుడు కూత పెట్టడం, ఆ కూత విని తల్లి వెదుక్కొంటూ రావడం ప్రకృతి చేసిన ఏర్పాటు. అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధనాలయంలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు అనేక సంవత్సరాలు కుక్కపిల్లలను పరిశీలించి, 1965లో ఒక గ్రంథం ప్రకటించారు. మూడవ వారం మొదలు పన్నెండవ వారం వరకు గల కాలంలోనే పిల్లకు ఇతరులతో అనుబంధాలు గాఢంగా ఏర్పడతాయని వారు తేల్చారు. పిల్ల కొత్త ఇంటికి చేరేది సాధారణంగా ఆ కాలంలోనే. 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదని మన దేశంలో 2017లో నియమాలు కూడా వచ్చాయి. తల్లిని వదలివచ్చిన మొదటి రాత్రి పిల్ల ఏడవడం మొండితనం కాదు, పిలుపు.

విజయవాడలో పదవీ విరమణ చేసిన ఒక ప్రధానోపాధ్యాయుడు ఈ సంగతి కొంత కష్టం మీదనే తెలుసుకొన్నారు. భార్య పోయిన ఏడాదికి, తండ్రికి తోడుగా ఉంటుందని కూతురు తొమ్మిది వారాల నాటు కుక్కపిల్లను తెచ్చి ఇచ్చి తన ఊరికి వెళ్లిపోయింది. మాస్టారు ఆ రాత్రి వంటింట్లో గోనెసంచి పరచి, పిల్లను పడుకోబెట్టి తలుపు వేశారు. అది తెల్లవార్లూ ఏడ్చింది. రెండవ రాత్రి గద్దించారు. క్షణకాలం ఊరుకొని రెట్టింపు ఏడ్చింది. మూడవ రాత్రి దినపత్రికను చుట్టచుట్టి నేలమీద కొట్టి అదలించారు. పిల్ల గ్యాస్ బండ వెనుకకు పోయి, నోరెత్తకుండా వణుకుతూ కూర్చున్నది. దాని కింద నేల తడిసిపోయింది.

తెల్లవారగానే పక్కవాటా ఇల్లాలు వచ్చింది. “మాస్టారుగారూ, ఏమీ అనుకోకండి. మావాడికి ఇంకో పది రోజుల్లో పరీక్షలు. రాత్రిపూట కుక్క ఏడవడం మంచిది కాదని మా అత్తయ్యగారు కూడా బెంగపడుతున్నారు” అన్నది. ఇంటి యజమాని ఆదివారం దాకా గడువిచ్చాడు.

మాస్టారు పిల్లను సంచిలో పెట్టుకొని పశువైద్యశాలకు వెళ్లారు. అక్కడి డాక్టరు ఒకప్పుడు ఆయన శిష్యుడే. పిల్లను ఆసాంతం పరీక్షించి, జబ్బేమీ లేదని చెప్పి, “మాస్టారూ, బడికి వచ్చిన మొదటి రోజు ఏడ్చే పిల్లలను మీరు గదిలో పెట్టి తలుపు వేసేవారా?” అని అడిగాడు.

“లేదు నాయనా. పక్కన కూర్చోబెట్టుకొనేవాణ్ణి.”

“ఇదీ అంతేనండి. ముందు పక్కన ఉంచుకోండి. ధైర్యం వచ్చాక కొంచెం కొంచెం దూరం జరపండి.”

ఆ రాత్రి పిల్ల పడక మాస్టారి మంచం పక్కకు చేరింది. ఒక చెక్కపెట్టె, అందులో పాత నూలుచీర మడత. పిల్ల మూలిగినప్పుడల్లా ఆయన మాట్లాడకుండా చేయి కిందికి జార్చేవారు. అది వేళ్లను వాసన చూసి తల వాల్చేది. రాత్రి భోజనం ఏడు గంటలకే ముగించారు. సాయంకాలం కాసేపు ఆటలాడించి, నిద్రకు ముందు పెరట్లోకి తీసికొనిపోయేవారు. అంత చిన్న పిల్ల మూత్రాన్ని రాత్రి పొడుగునా ఆపుకోలేదు కనుక, ఒంటిగంటకు, నాలుగు గంటలకు తామే లేచి బయటకు తిప్పారు. అప్పుడు దీపం వేయలేదు, ముద్దు చేయలేదు, ఆడనివ్వలేదు. పని కాగానే మళ్లీ పడకే. రాత్రి లేచినందువల్ల వినోదమేమీ దొరకదని పిల్లకు అర్థమైంది.

పగటి అభ్యాసం కూడా అవసరమే. రెండు నిమిషాలు పక్కగదిలోకి పోయి, పిల్ల ఏడవకముందే తిరిగివచ్చేవారు. మరునాడు ఐదు నిమిషాలు, తరువాత పది. వెళ్లినవారు తిరిగి వస్తారన్న నమ్మకం దానికి అట్లా కుదిరింది. నిద్ర చాలని పిల్ల పసిబిడ్డ వలెనే పేచీ పెడుతుంది. రోజుకు పద్దెనిమిది గంటలకు పైగా నిద్రపోవలసిన వయస్సు గనుక మధ్యాహ్నం దానిని ఎవరూ కదపకుండా చూశారు.

ఆదివారం యజమాని వచ్చేసరికి, పక్కవాటా ఇల్లాలే, “నిన్న రాత్రి ఏమీ వినబడలేదండీ” అన్నది. గడువు మరో వారం పెరిగింది. అంతా సాఫీగా జరిగిందని కాదు. ఎనిమిదవ రాత్రి వీధికుక్కలన్నీ కలిసి మొరగగా పిల్ల కూడా గొంతు కలిపింది. మూరెడు దూరం జరిపిన పెట్టెను మాస్టారు మళ్లీ మంచం దగ్గరకు లాగి, రెండు రాత్రుల తరువాత తిరిగి జరిపారు. మూడు వారాలకు పెట్టె గుమ్మం దగ్గరకు చేరింది. పిల్ల పదింటికి పడుకొని ఐదింటికి లేవసాగింది. “కుక్కపిల్ల పడుకొంటున్నదా నాన్నా?” అని కూతురు ఫోనులో అడిగితే, “ఇద్దరమూ పడుకొంటున్నామమ్మా” అన్నారాయన.

అన్ని పిల్లలకూ మూడు వారాలే పట్టాలని లేదు. హాయిగా నిద్రపోతున్న పిల్ల హఠాత్తుగా ఏడవసాగినా, తిండి మానినా, వాంతులు, విరేచనాలు కనిపించినా వైద్యునికి చూపించాలి. మనుషుల నిద్రమాత్రలు ఎన్నడూ ఇవ్వరాదు. గద్దింపుతో వచ్చిన నిశ్శబ్దాన్ని నిద్ర అని పొరబడరాదు. భయపడిన పిల్ల నోరు మూసికొంటుంది గాని కన్ను మూయదు.

జర్మనీలోని బాన్ నగరం దగ్గర ఒబర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక పురాతన సమాధి బయటపడింది. అది సుమారు 14,000 సంవత్సరాల నాటిది. ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటు దాదాపు ఏడు నెలల కుక్కపిల్ల. దాని పళ్లమీది గుర్తులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, చిన్నతనంలో అది కొన్ని వారాలపాటు తీవ్రంగా జబ్బుపడిందనీ, మనుషుల సంరక్షణ లేకపోతే అన్నాళ్లు బ్రతికేది కాదనీ 2018లో ప్రకటించారు. వేటకు, కాపలాకు పనికిరాని రోగిష్టి పిల్ల పక్కన ఆ నాడే ఎవరో రాత్రులు మేలుకొన్నారన్న మాట. కొత్త పిల్ల కోసం ఇంటివారు మేలుకోవలసిన రాత్రులు వాటితో పోలిస్తే ఎన్నో కావు.