ఆవిరి యేనుగు

కాగితములు, గుడ్డలు, లోహపు ముక్కలు మొదలగువాని నొక పలకపై నతికి చిత్రము గావించుటకు కొలాజ్ అని పేరు. ఫ్రెంచి భాషలోని ‘అతుకుట’ యను మాటనుండి యీ పేరు పుట్టినది. 1912లో పికాసో, కుర్చీ యల్లిక అచ్చువేసిన నూనెగుడ్డను తన చిత్రమున నతికెను. ఆవిరియంత్రములే నేటికిని లోకము నేలుచున్నట్లు ఊహించు కథలకు స్టీమ్‌పంక్ అను పేరు 1987లో వచ్చినను, ఆ యూహ చాల ప్రాతది. 1880లోనే జూల్స్ వెర్న్, ఆవిరితో నడచు ఉక్కు ఏనుగొకటి మన దేశమున బండ్లను లాగుకొని పోవునట్లు నవల వ్రాసెను. ఆ యేనుగును మన విశాఖపట్టణమునకు రప్పింపవలెనని నాకు బుద్ధి పుట్టెను.

దళసరి అట్టపై డాల్ఫిన్ నోస్ కొండను గోనెగుడ్డతో నిలిపితిని. దాని క్రింద, 1948 మార్చి 14న నెహ్రూగారు ఇచ్చట జలప్రవేశము చేయించిన ‘జల ఉష’ యను ఆవిరియోడను వార్తాపత్రిక కాగితముతో కత్తిరించి యుంచితిని. ఏనుగు దేహమునకు డబ్బారేకు. తొండమునకు సైకిలు గొలుసు. గొలుసు బరువునకు మైదాజిగురు నిలువక, రాగితీగెతో కట్టవలసి వచ్చెను. డొక్కలో పాత గడియారముల పళ్లచక్రములు. ఇట్టి చిత్రములందు చక్రములను అలంకారమునకే అతుకుదురు, నాకది రుచింపదు. ఒకటి త్రిప్పిన రెండవది తిరుగవలెను. ఇందుకే రెండు ఆదివారములు పట్టినవి.

మా నాయనమ్మ చాలసేపు చూచి, “అంతా బాగుంది గాని, బొగ్గు వేసే మనిషేడిరా?” అని యడిగెను.

మా తాతగారు వాల్తేరు మీదుగా పోవు రైలింజనులలో బొగ్గు వేయుపని చేసిరి. కొలిమి తలుపు తెరచినపుడెల్ల ముఖము మాడునట్లుండెడిదట. నేను చూచిన స్టీమ్‌పంక్ చిత్రములలో ఇత్తడి మెరయును, పొగ సొంపుగా లేచును. పార పట్టినవాడు మాత్రము కానరాడు. వెర్న్ మరువలేదు; ఆయన యేనుగునకు బొగ్గు వేయువాడు కాలూత్ అను మన దేశస్థుడే.

నాయనమ్మ పెట్టె తెరచి, తాతగారు తలకు చుట్టుకొనెడి తువ్వాలు తీసెను. ఆయన వస్తువులలో మా యింట మిగిలినది అదియొక్కటే. కత్తిరించుటకు నాకు చేయి యాడలేదు. ఆమెయే కత్తెర పుచ్చుకొని, ఎన్ని యుతుకులకును పోని బొగ్గుమరక యున్న మూలను కోసి యిచ్చెను. ముఖము నేను గీయలేదు. ఏనుగు వెనుక, కొలిమి తలుపునొద్ద ఆ ముక్కను తలపాగావలె చుట్టి యుంచితిని. జిగురు వద్దని ఆమె సూదితో నాలుగు కుట్లు వేసి, మిగిలిన తువ్వాలును మడచి మరల పెట్టెలో పెట్టుకొనెను.