అత్తయ్యగారి ఆదివారం

ప్రతి ఆదివారం పొద్దున్న ఏడున్నరకి డాలస్ నుంచి మా ఆడపడుచు వీడియో కాల్ చేస్తుంది. ఫోన్లో మొహాలు కంటికి ఆనవని అత్తయ్యకి పెద్ద కంప్యూటరే కావాలి. మొన్న సరిగ్గా ఏడింటికి దానికి నెట్ రాలేదు. మావారేమో ఊళ్లో లేరు.

"వాడొచ్చాక చూస్తాడులే, నువ్వు కెలక్కు" అన్నారు అత్తయ్య. అన్నారే గానీ, అప్పటికే చీర మార్చుకుని కుర్చీలో కూర్చున్నారు.

నా ఫోన్‌కి వైఫై వస్తోంది. అంటే తేడా కంప్యూటర్ వైపే అనుకున్నా. సీపీయూ వెనక్కి వంగి చూస్తే, నెట్‌వర్క్ కార్డు దగ్గర వెలగాల్సిన చిన్న లైటు లేదు. కేబుల్ చివర క్లిప్పు విరిగి, వైరు జారిపోయింది. అటక మీద నుంచి ఇంకో కేబుల్ తీసి పెట్టా. లైటు వెలిగింది, నెట్ మాత్రం రాలేదు!

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టా. 169.254తో మొదలయ్యే నంబరు కనిపించింది. రౌటర్ నుంచి అడ్రసు అందకపోతే కంప్యూటర్ తనకు తానే పెట్టుకునే నంబరది. అంటే కార్డు బాగానే ఉందన్నమాట. రౌటర్ ఆపి, ఒక నిమిషం ఆగి మళ్లీ వేశా. ఈసారి 192.168 వచ్చింది. హమ్మయ్య!

మనవడి కబుర్ల మధ్యలో అత్తయ్య కూతురితో అన్నారు: "ఇవాళ దీన్ని మీ వదినే బాగుచేసిందే!"

పదిహేనేళ్లలో నా వంట గురించి కూడా ఆవిడ ఎవరికీ అలా చెప్పుకోలేదు.

పాల లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టుకున్నా: లైటు, కేబుల్, నంబరు, రౌటర్. ఈ వరసలోనే చూడాలి.