మిగతా ఎనిమిది పాటలు ఏం పాపం చేశాయి?

డబ్లిన్‌లో ఏ జట్టు గెలిచినా, ఏ పబ్బులో నలుగురు చేరినా అదే పాట: ‘ద బాయ్స్ ఆర్ బ్యాక్ ఇన్ టౌన్’. నిన్న కారులో రేడియో పెడితే మళ్లీ అదే. పాట గొప్పదే, కాదనను. కానీ 1976లో థిన్ లిజీ బ్యాండ్ తెచ్చిన ‘జైల్‌బ్రేక్’ ఆల్బమ్‌లో తొమ్మిది పాటలున్నాయి. మిగతా ఎనిమిదింటినీ ఎందుకు వినిపించరు?

అంతకుముందు ఐదు ఆల్బమ్‌లు తెచ్చినా అమెరికా ఆ బ్యాండ్‌ను పట్టించుకోలేదు. నిలబెట్టింది ఈ ఆరోదే. పాడుతూ బేస్ వాయించిన ఫిల్ లైనట్ తల్లి ఐరిష్, తండ్రి గయానా మనిషి. పెరిగింది ఇక్కడే క్రమ్లిన్‌లో, అమ్మమ్మ దగ్గర. డ్రమ్స్ వాయించిన బ్రయన్ డౌనీదీ డబ్లినే. గిటార్లు పట్టిన ఇద్దరిలో స్కాట్ గోరమ్‌ది కాలిఫోర్నియా, బ్రయన్ రాబర్ట్‌సన్‌ది స్కాట్లాండ్. హార్డ్ రాక్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా? ‘కౌబాయ్ సాంగ్’ తాపీగా మొదలై ఉన్నట్టుండి పరుగందుకుంటుంది. ‘రన్నింగ్ బ్యాక్’ మెత్తటి పాప్. చివరి ‘ఎమరల్డ్’ తిస్రగతిలో ఉరికే ఐరిష్ యుద్ధగాథ. అందులో రెండు గిటార్లూ సవాలూ జవాబూ అన్నట్టు తలపడతాయి. అంత ఐరిష్ పాటనూ ఈ రేడియోల వాళ్లు వేయరు!

మొన్న ఆఫీసులో ఒకాయన ‘మీ తెలుగు సినిమా పాటల్లో అన్నీ కలిపేస్తారేం’ అన్నాడు. రోషం వచ్చింది నాకు. ‘గీతాంజలి’లో ఇళయరాజా మన రాగాల పక్కన వయొలిన్ల బృందాన్ని నిలబెట్టింది ఆయన విన్నాడా? కలపడం తప్పైతే ‘జైల్‌బ్రేక్’ సంగతేమిటని అడిగాను.

‘జైల్‌బ్రేక్’లోని ఆ జంట గిటార్ల అందం మా ఆవిడకు చెప్పబోయి, పెళ్లిలో జంట సన్నాయిల్లా అన్నాను. పొసగలేదు. వీళ్లలో ఒకరు పై స్వరం, ఒకరు కింది స్వరం పట్టి నడుస్తారు. మన సన్నాయిలు రెండూ ఒకే స్వరం మీద సాగుతాయి. మా పెద్దక్క పెళ్లిలో నేను డోలు పక్కనే కూర్చున్నాను. గట్టిమేళానికి గుండె అదిరింది. అప్పగింతలప్పుడు అమ్మ ఏడుపు చూసి పెద్ద సన్నాయి ఆయన వాయించలేక అటు తిరిగిపోయాడు. చిన్న సన్నాయి ఆయన ఒక్కడే పాట నడిపాడు. ఆ ఒంటరి సన్నాయి ఏ రికార్డులోనూ దొరకదు నాకు.

రేడియోల తీరు ఎలా ఉన్నా, ఈ డబ్లిన్‌ను మెచ్చుకోక తప్పని సంగతి ఒకటుంది. 1986లో 36 ఏళ్లకే పోయిన లైనట్‌ను తమ బిడ్డ అనుకుని, 2005లో హ్యారీ స్ట్రీట్‌లో నిలువెత్తు కంచు విగ్రహం పెట్టుకున్నారు. వచ్చేపోయేవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటే నాకూ గర్వంగానే ఉంటుంది. అంత ప్రేమ ఉన్నవాళ్లు ఆయన పోయిన జనవరి 4నైనా ‘ఎమరల్డ్’ను మొదటి నుంచి చివరిదాకా వేయాలి. నాలుగు నిమిషాల పాటేగా!