సామాను పట్టీ

2016వ సంవత్సరపు జ్యేష్ఠమాసాంతమున, జూన్ 27వ తేదీలోగా సచివాలయోద్యోగులు హైదరాబాదు విడిచి వెలగపూడి చేరవలెనని గడువు విధింపబడినప్పుడు, పిల్లల చదువులను, పెద్దల వైద్యమును, ముప్పది యేండ్ల ఇరుగుపొరుగు స్నేహములను తూచి చూచుకొనవలసి వచ్చిన కుటుంబములలో మాదియు నొకటి. కృష్ణకు ఉత్తరపు గట్టున, ఇబ్రహీంపట్నములో, ఫెర్రీకి నడకదూరమున ఒక యిల్లు అద్దెకు కుదిరినది. జూలై 5న ఆషాఢము ప్రవేశించును గనుక ఆలోగానే అక్కడ పాలు పొంగించవలెనని మా అమ్మ పట్టుదల.

సామాను చేరవేయువారిని నలుగురిని విచారించితిని. ముగ్గురు ఇల్లు చూడకయే, పడకగదు లెన్నియో యడిగి, ఫోనులోనే కిరాయి చెప్పివేసిరి. నాలుగవవారు ఒక మేస్త్రీని పంపిరి. ఆయన వంటింటి అటక మొదలు పెరటి తులసికోట వరకు తిరిగి, రోలును కదిలించి బరువు చూచి, ఇనుప బీరువా మెట్ల మలుపున తిరుగునో తిరుగదో టేపుతో కొలిచి, కొత్తయింటి వీధిలోనికి లారీ వచ్చునా, లేక పెద్దరోడ్డున నిలిపి చిన్నబండిలోనికి మార్చవలెనా యని యడిగి, ప్రతి వస్తువును కాగితముపై వ్రాసికొనెను. వారి కిరాయి అందరికంటె హెచ్చు. అయినను వారికే యప్పగించితిని. ఇంటిలో రోలున్నదని యెరుగనివాడు చెప్పిన కిరాయిలో రోలు చేరియుండదు. అది బండి యెక్కునాడు లెక్కకు వచ్చును. అట్లు తక్కువకు కుదుర్చుకొనిన మా సహోద్యోగి యొకరిని, ఊరు చేరిన పిమ్మట లారీ తలుపు తీయకమునుపే మరికొంత సొమ్ము అడిగిరట. బియ్యపు డబ్బాయు పసిబిడ్డ ఉయ్యెలయు లోపలనే యుండగా ఆ యిల్లాలు వీధిలో నిలువవలసి వచ్చినదని వినినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికిని తీరలేదు.

పట్టీ ప్రయోజనము కిరాయితో ముగియదు. 1865 నాటి చట్టము స్థానమున వచ్చిన 2007 నాటి రోడ్డు రవాణా చట్టము 2011 మార్చి 1 నుండి అమలులో నున్నది. దాని ప్రకారము, సరకుకు హెచ్చు విలువ ప్రకటించి అందుకు తగిన హెచ్చు కిరాయికి ఒడంబడనియెడల, నష్టపరిహారము సాధారణముగా కిరాయికి పదిరెట్లను మించదు. దావాకు పూర్వము, బుక్ చేసిన నాటినుండి 180 దినములలోగా వ్రాతమూలకమైన నోటీసు పంపవలెను. కావున లారీ రసీదులో ‘ఇంటిసామాను’ అను ఒక్కమాటతో తృప్తిపడక, పట్టీని జతపరచి విలువ వ్రాయించుకొనవలెను. నగలు, దస్తావేజులు చేతిసంచిలోనే యుండవలెను.

మా యింట విలువ కట్టుటకు వీలులేనిది బొమ్మలకొలువు పెట్టె. అందలి దశావతారములు మా అమ్మమ్మ కొండపల్లిలో కొనినవి. తేలికయైన తెల్లపొణికి కర్రలో అవయవములను వేర్వేరుగా చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, పైన రంగు వేసిన బొమ్మలవి. హమాలీ కుర్రవాడొకడు వాటిని అట్టముక్కల నడుమ పెట్టబోగా మేస్త్రీ వారించి, “చేతిపని గదమ్మా, అట్ట తగిలితే రంగు గీసుకుపోతుంది. పాత నూలుచీర ఉంటే ఇప్పించండి” అనెను. మా అమ్మ తాను పురిటిలో కట్టిన చీర తెచ్చి యిచ్చినది. పది బొమ్మలను పది చీరముక్కలలో చుట్టి, పెట్టెమీద పెద్దయక్షరములతో ‘బొమ్మలు, పైన బరువు పెట్టరాదు’ అని వ్రాసి, దానిని అన్నిటికంటె చివర నెక్కించిరి. తాము పుట్టిన కొండపల్లి ప్రక్కకే అవి మరలి పోవుచున్నవని మా అమ్మకు కలిగిన సంతోషము, ఇల్లు విడుచు దుఃఖమును కొంత తగ్గించినది.

రాత్రి బయలుదేరిన లారీ, సూర్యాపేట, నందిగామల మీదుగా వచ్చి, తెల్లవారుసరికి థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టములు కనిపించు చోటికి చేరినది. లోపల పాలు పొంగుచుండగా, వాకిట నేను పట్టీ చదువుచు ఒక్కొక్క దానికి గీత పెట్టితిని. అన్నియు సరిపోయినవి. బొమ్మలపెట్టె విప్పగా వామనుని గొడుగుచేయి ఊడియున్నది. మేస్త్రీ నేనడుగకమునుపే పట్టీ తీసికొని, ఆ పంక్తికి ఎదురుగా ‘చేయి ఊడినది’ అని స్వహస్తముతో వ్రాసి సంతకము చేసెను. మరునాడు కొండపల్లికి తీసికొనిపోగా, బొమ్మలవారు మక్కుతో చేయి అతికి, రంగు ఆరువరకు రెండు దినములు తమవద్దనే ఉంచుకొనిరి.